మూడో ఇంజెక్టర్

ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చిన భార్యాభర్తలు శివజ్యోతి, ఈరేష్ ఇద్దరూ డీజిల్ మెకానిక్కు జీవిత షెడ్డులో చెరో మూల కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, జీవిత యంత్రం మీట నొక్కే క్షణం కోసం కాచుకుని ఉండగా పోయిన వారం కథ ఆగింది. వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారో రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

ఆరు వారాల కిందట ఈరేష్ తోలుతున్న వ్యాను గండికోట నుంచి జమ్మలమడుగు వైపు దిగే రోడ్డులో అదుపు తప్పి మోరీ గోడకు గుద్దుకుంది. అందులో ఉన్నది మిరపకాయలు కోయడానికి వలస పోయి, పని ముగించుకుని ఇంటిదారి పట్టిన పన్నెండు మంది కూలీలు. ఇంత దూరం వచ్చి కోట చూడకుండా పోతామా అని అడిగింది ఉరుకుందమ్మే. అందరూ సరేనంటే బండి కొండెక్కింది. ఒక గంట సేపు కోటంతా తిరిగి, పెన్న లోయను కళ్లార్పకుండా చూసిన ఆ మనిషి, మూడో రోజు ఆస్పత్రిలో కన్నుమూసింది. మిగిలిన వాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. ఉరుకుందమ్మ, ఆ పొద్దు ఇంటి దగ్గరే ఉన్న శివజ్యోతికి కన్నతల్లి. ఈరేష్‌కు మేనత్త, పిల్లనిచ్చిన అత్త, తల్లి లేని అతణ్ని చిన్నప్పటి నుంచి సాకిన మనిషి.

పోలీసులకూ, బండిని చూసిన రవాణా ఇన్‌స్పెక్టరుకూ, కోర్టుకూ ఈరేష్ చెప్పింది ఒకటే మాట. దిగుడులో ఇంజన్ దానంతట అదే ఆగిపోయింది. ఇంజన్ ఆగితే బ్రేకు బిగుసుకుంది, స్టీరింగు తిరగలేదు. ఇన్‌స్పెక్టరు పొద్దున్నే స్టేషను ఆవరణలో తాళం తిప్పితే ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. బండిలో లోపం లేదని ఆయన రాశాడు. డ్రైవరు నిర్లక్ష్యమని కేసు అయింది. సోమవారం వాయిదా. ఎవరైనా డీజిల్ పని తెలిసినవాళ్లు పరీక్ష చేసి రాసిస్తే బండిని మళ్లీ చూడమని అడగొచ్చని వకీలు చెప్పాడు. పోలీసులు వదిలేసిన బండి ఓనరు వీరభద్ర దగ్గరే ఉంది, ఇంజెక్టర్లు విప్పుకోవడానికి ఆయన అడ్డం చెప్పలేదు. ఆ విధంగా నాలుగు ఇంజెక్టర్లు పాత పంచె గుడ్డలో మూట కట్టుకుని కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గర జీవిత షెడ్డుకు చేరాయి.

తల్లి పోయిన రోజు నుంచీ శివజ్యోతి మొగుడితో ఒక్క మాటా మాట్లాడలేదు. దుఃఖమని అందరూ అనుకున్నారు. కానీ కర్నూలుకు తానూ వస్తానని పట్టుబట్టింది. బండిదే తప్పయితే అతని వెంట ఇంటికి పోతాననీ, కాకపోతే ఇటునుంచి ఇటే అన్న మారెన్న ఇంటికి పోతాననీ జీవితతో ముందే చెప్పేసింది.

జీవితకు నలభై ఆరేళ్లు. నాయన ఏసేపు మిషను ఆస్పత్రి జీపు తోలేవాడు. బడి లేని రోజుల్లో ఆయన పక్కన కూర్చుని పానాలు అందిస్తూ పని నేర్చుకుంది. ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల మెకానిక్కులు ఇంజెక్టర్లు విప్పి పెట్టెల్లో పెట్టి ఆమెకే పంపుతారు. ఏ ముక్క ఏ బండిదో ఆమెకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. మనుషులు రకరకాలుగా చెబుతారు, యంత్రం ఒకే రకంగా చెబుతుంది అన్నది ఇరవై ఏళ్లుగా ఆమె నమ్మకం.

ఆ నమ్మకంతోనే మీట నొక్కింది.

ఇంజెక్టరు చేసే పని చూడ్డానికి చిన్నదే. పంపు విపరీతమైన ఒత్తిడితో తోసే డీజిల్‌ను సరైన క్షణంలో, సరైన కొలతలో, పొగమంచులా ఇంజన్‌లోకి చల్లాలి. చల్లిన తర్వాత మిగిలిన కాస్తా వెనక ఇంకో సన్నని గొట్టంలోంచి ట్యాంకుకు తిరిగిపోతుంది. లోపలి వాల్వు అరిగితే ఈ తిరిగిపోయేది ఎక్కువై ఒత్తిడి నిలవదు. పరీక్ష చేసే యంత్రంలో రెండు గాజు గొట్టాలుంటాయి. చల్లింది ఒకదాంట్లో, తిరిగిపోయింది ఇంకోదాంట్లో పడుతుంది. రెంటినీ గీతలతో పోల్చి చూడడమే పరీక్ష.

జీవిత నాలుగింటికీ వరస చీటీలు కట్టి, ఒక్కొక్కదాన్నీ బిగించి, నూనెను నలభై డిగ్రీల దాకా కాచి నడిపించింది. మొదటిది బాగుంది. రెండోది బాగుంది. మూడోదాని తిరుగు నూనె గీత దాకా వచ్చి, వెంట్రుకవాసి కిందే ఆగింది. గీత దాటలేదు గనక అదీ బాగున్నట్టే. నాలుగోది కొత్తదానిలా ఉంది.

మళ్లీ మొదటి నుంచి చేసింది. మళ్లీ అదే లెక్క. నాలుగూ బాగానే ఉన్నాయని మెల్లగా చెప్పింది.

శివజ్యోతి లేచి, బల్ల మీది పంచె గుడ్డను మడత పెట్టసాగింది. ఈరేష్ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలకుండా నేల చూస్తున్నాడు. ఆశ పోయిన మనిషి ముఖంలో ఉండవలసిన బాధ అతని ముఖంలో లేదు. జీవితకు అది వింతగా అనిపించింది. ఏదో ఒకటి అడగాలని, ఆ రోజు బండి ఎంత సేపు నడిచిందో, ఎప్పుడు ఆగిందో మళ్లీ ఒకసారి చెప్పమంది.

అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మిట్టమధ్యాహ్నం. నిండా మనుషులతో ఎత్తు ఎక్కింది. కోట దగ్గర గంటసేపు ఎండలో నిలబడింది. అక్కడ మళ్లీ స్టార్టు చేయడానికి నాలుగైదు సార్లు తాళం తిప్పవలసి వచ్చింది. ఎండాకాలం మొదలైన దగ్గర నుంచీ వేడి మీద ఉన్నప్పుడు అట్లాగే సతాయిస్తోందట.

ఈ మాట ముందెందుకు చెప్పలేదని అడిగితే, ఎవరూ అడగలేదన్నాడు.

జీవిత చేతిలోని గుడ్డను బల్ల మీద పడేసింది. ఇన్‌స్పెక్టరు బండిని చూసింది పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. తన యంత్రం కాచేది నలభై డిగ్రీలు. కొండెక్కి దిగే ఇంజన్ తలకాయలో, ఇంజెక్టర్లు బిగించే చోట, వేడి తొంభై. ఇద్దరూ చూసింది చల్లని ముక్కను. బండిలో ఉన్నది కాలుతున్న ముక్క. ఆమె వేడిగాలి కొట్టే గన్ను తెచ్చి మూడో ఇంజెక్టరును అన్ని వైపుల నుంచీ కాల్చింది. తడి గుడ్డ తాకిస్తే చుయ్యిమనేదాకా ఆగి, మళ్లీ నడిపించింది.

నడిచే ఇంజన్‌లో ఉండేంత ఒత్తిడి పెడితే అది చల్లింది. తిరుగు నూనె గీత దాటింది కానీ చల్లడం ఆగలేదు. తర్వాత ఒత్తిడిని బాగా తగ్గించింది. తాళం తిప్పి స్టార్టు చేసేటప్పుడు ఇంజన్‌లో ఉండేది ఆ కొంచెమే. అంతే, తిరుగు గొట్టం బుడబుడా నిండిపోయింది. చల్లింది పడవలసిన గాజు గొట్టంలో ఒక్క చుక్క పడలేదు.

మిగిలిన మూడింటినీ అంతే కాల్చి చూసింది. అవి చక్కగా చల్లాయి. మూడోదాన్ని చల్లారనిచ్చి నడిపితే అదీ చల్లింది. మళ్లీ కాల్చింది, మళ్లీ మూగబోయింది. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే.

శివజ్యోతి ఎప్పుడొచ్చిందో బల్ల పక్కన నిలబడి ఆ ఖాళీ గొట్టాన్నే చూస్తోంది.

"అయితే బండిలోనే ఉండాదా అక్కా తప్పు?"

"ఈ ముక్కలో తప్పు ఉండాది," అంది జీవిత.

శివజ్యోతి తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, మొగుడి ముందు పెట్టి, "తాగు" అంది. నలభై రోజుల్లో అది మొదటి మాట. అన్నకు ఫోను చేసి వస్తానని చెప్పి, లారీల చప్పుడుకు చెవి మూసుకుంటూ రోడ్డు అవతలికి నడిచింది.

ఈరేష్ సీసా పట్టుకున్నాడు గానీ తాగలేదు.

జీవితకు సంతోషం కలగాలి. కలగలేదు. పని దొరికింది, లోపం దొరికింది, అయినా లోపల ఏదో అతకకుండా మిగిలిపోయింది. ఆమె మూడో ఇంజెక్టరును మరోసారి కాల్చి, పెద్ద ఒత్తిడి మీద పెట్టి, గడియారం చూస్తూ పది నిమిషాలు నడిపింది. అది ఆగలేదు. పదిహేను నిమిషాలు నడిపింది. ఆగలేదు. అప్పుడు అర్థమైంది ఏది అతకడం లేదో. అర్థమైన కొద్దీ ఇంకా అయోమయంగా అనిపించింది.

యంత్రం ఆపి, స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఈరేషా, ఈ ముక్క నడిచే ఇంజన్‌ను ఆపేది కాదప్పా. ఆగిపోయిన దాన్ని మళ్ల లేవనీదు, అంతే. మరి ఆ పొద్దు ముందుగాల ఇంజన్ ఎట్ల ఆగింది?"

అతను రోడ్డు అవతలికి చూశాడు. శివజ్యోతి టీ అంగడి రేకు నీడలో నిలబడి ఫోనులో మాట్లాడుతోంది.

"నేనే ఆపితినక్కా," అన్నాడు.

దిగుడులో తాళం తిప్పి ఇంజన్ ఆపేసి, గేరు తీసేసి బండిని దానంతట దాన్ని పోనివ్వడం తాను ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనేనట. డీజిల్ మిగులుతుందని డ్రైవర్లలో శానామంది చేస్తారట. ఆ రోజు కూడా అట్లాగే చేశాడు. అర కిలోమీటరు సాఫీగా దిగింది. వెనక ఆడవాళ్లు కోట గురించి మాట్లాడుకుంటున్నారు. అంతలో ముందర మలుపు కనిపించింది.

"తాళం తిప్పితి. తిరుగుతాండాది గానీ పట్టుకోలే. మళ్ల తిప్పితి. బ్రేకు తొక్కితే రాయి మాదిరి అయిపాయ. అత్త నా పక్కనే, ముందు సీట్లోనే కూచోనుండె. ఏమప్పా, ఏమాయ అని ఒక్కసారి అడిగె. నేను పలకలే."

ఇంజన్ తానే ఆపానని ఎవరికీ చెప్పలేదట. దానంతట అది ఆగిందని మొదటి రోజు పోలీసుల ముందు అన్నాక, ఆ మాటనే పట్టుకుని వేలాడాడు. ఇక్కడికి రావడం కూడా తనకు ఇష్టం లేదు. వకీలూ, శివజ్యోతీ పట్టుబట్టారు. ముక్కల్లో ఏ లోపమూ దొరకదని, దాంతో అంతా అయిపోతుందని అనుకున్నాడు. లోపం నిజంగానే ఉందని యంత్రం చూపించేసరికి తన అబద్ధం సగం నిజమైపోయినట్టుంది. ఇప్పుడు ఏది చెప్పాలో తనకే తెలియడం లేదు.

"దీన్ని కాగితం మీద రాయొద్దక్కా. శివకు చెప్పొద్దు. ఇప్పుడిప్పుడే నీళ్లిచ్చె."

జీవిత మూడో ఇంజెక్టరును యంత్రంలోంచి విప్పి బల్ల మీద పెట్టింది. అతను ఇంజన్ ఆపకపోతే ఆ వాల్వు ఇంకో ఏడాది అట్లాగే ఈడ్చేది, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. వాల్వు బాగుంటే అతను ఆపినా మలుపుకు ముందే ఇంజన్ అందుకునేది, బ్రేకు పడేది, అందరూ చీకటి పడే వేళకు ఇల్లు చేరేవాళ్లు. ఎటు నుంచి చూసినా రెండోది అడ్డం వస్తోంది. దేనికదిగా చూస్తే రెండూ చిన్నవే. రెండూ కలిసిన చోట ఒక మనిషి లేకుండా పోయింది.

ముందు పని పూర్తి చేద్దామనుకుంది. కాగితం రాయాలంటే ఇంజెక్టరు నంబరు కావాలి. నంబరు మసి కింద కూరుకుపోయి ఉంది. గుడ్డను పెట్రోలులో తడిపి, మూడో ఇంజెక్టరు మెడ చుట్టూ రుద్దింది. అంకెలు బయటపడ్డాయి. అంకెల పక్కన సన్నని సూదితో గీసిన ఒక అక్షరం కూడా బయటపడింది.

'జీ.' దాని కింద పదకొండు.

తాను బాగుచేసిన ప్రతి ముక్క మీదా ఆమె గీసే గుర్తు అది. పేరులో మొదటి అక్షరం, నెల అంకె. పోయిన నవంబరు.

ఈరేష్ వైపు వీపు తిప్పి, గోడ దగ్గరి బీరువాలోంచి పరీక్ష కాగితాల కట్ట తీసింది. నవంబరులో ఆదోని మెకానిక్కు పన్నెండు ఇంజెక్టర్ల పెట్టె పంపాడు. నంబరు వెతుకుతూ పోతుంటే కాగితం కంటే ముందు ఆ రోజే గుర్తొచ్చింది. పన్నెండింటిలో ఒకదాని వాల్వు అరిగి ఉంది. కొత్త వాల్వు హైదరాబాదు నుంచి రావలసి ఉంది, రాలేదు. ఆదోని మెకానిక్కు పూటకోసారి ఫోను చేసి తొందర పెడుతున్నాడు. పాత వాల్వునే మెత్తని పేస్టుతో అరగదీసి, నునుపు చేసి, బిగించి చూసింది. తిరుగు నూనె గీతకు వెంట్రుకవాసి కింద ఆగింది. గీత దాటలేదు గదా అనుకుని, అక్షరం గీసి పెట్టెలో పెట్టేసింది.

కాగితం దొరికింది. అదే నంబరు. ఆ రోజు లెక్క, ఈ పొద్దున తాను చూసిన లెక్క దాదాపు ఒకటే. కింద తన సంతకం.

యంత్రం ఆ రోజూ ఉన్నదే చూపించింది, ఈ రోజూ ఉన్నదే చూపించింది. ఆ రోజు కాల్చి చూడమని ఏ పుస్తకమూ ఆమెకు చెప్పలేదు. కానీ అరిగిన వాల్వు అరిగిందేనని ఆమె చేతులకు తెలుసు. అట్లాంటప్పుడు తప్పు తనదా, కాదా? తనదైతే ఎంత? ఎంతని కొలవడానికి ఏ గొట్టం మీద గీతలున్నాయి? కట్టను మూసి బీరువాలో పెట్టబోయి, పెట్టలేక, ఆ ఒక్క కాగితాన్నీ చేతిలోనే ఉంచుకుంది.

శివజ్యోతి తిరిగొచ్చింది. ముఖంలో కొంచెం తేట కనిపిస్తోంది. మూలకు పోకుండా మొగుడి పక్కనే కూర్చుంది, మధ్యలో జానెడు ఖాళీ వదిలి. అన్న మారెన్న కాగితం తప్పకుండా తీసుకోమన్నాడట. సోమవారం తానూ కోర్టుకు వస్తానన్నాడట. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టి ఇస్తే చాలని జీవితను అడిగింది.

జీవిత షెడ్డు పేరున్న కాగితం తీసుకుని తారీఖు వేసింది. ఇంజెక్టరు నంబరు రాసింది. 'వేడి మీద ఉన్నప్పుడు' అని రాసి ఆగిపోయింది. ఎదురుగా ఇద్దరూ తన కలాన్నే చూస్తున్నారు. ఒకరు రాయమని, ఇంకొకరు అంతకు మించి రాయవద్దని. చెప్పవలసినవి రెండున్నాయి. ఒకటి ఈరేష్‌ది, దాన్ని బయటపెట్టే హక్కు తనకుందో లేదో తెలియదు. ఇంకొకటి తనది.

కలం పక్కన పెట్టింది.

"రాసేదానికి ముందు ఒక మాట వినమ్మా. ఈ ముక్కను నవంబరులో బాగుచేసి పంపింది నేనే. వాల్వు మార్చాల్సింది, మార్చలే. ఇదో, ఈ అక్షరం నాది."

ఇంజెక్టరునూ, పాత కాగితాన్నీ ఆమె ముందుకు జరిపింది.

శివజ్యోతి ఆ అక్షరం మీద వేలు పెట్టి చూసింది. ఏమైనా అంటుందేమోనని జీవిత ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది. శివజ్యోతి తిట్టలేదు. ఇంజెక్టరును బల్ల మీద పెట్టి, తలెత్తి, జీవిత ముఖంలోకి కాక మొగుడి ముఖంలోకి చూసింది.

"ఈ యక్క పరాయి మనిషి. చెప్పకపోయినా మనకు తెలిసేది కాదు. అయినా చెప్పె," అంది. గొంతు పైకి లేవలేదు. "పోయేదానికి ముందు దినం అమ్మ నన్నొక్కదాన్నే దగ్గరికి పిల్చి ఒక మాట చెప్పింది. ఆ మాట నీ నోటితో నువ్వే చెప్తావని నలభై దినాల నుంచి కాచుకోనుండా. బండిది తప్పని తేలిపాయ. ఇంక దేనికి భయం నీకు?"

ఈరేష్ జీవిత వైపు చూశాడు. జీవిత చూపు తిప్పుకుంది. అతని చేతిలోని సీసా నొక్కుకుపోయి, నీళ్లు మోకాళ్ల మీదికి ఒలికాయి. అతనికి తెలియలేదు.

"అత్త చూసిందని నాకు అప్పుడే తెలుసు," అన్నాడు చివరికి. "పక్కనే గదా కూచోనుండె. తాళం తిప్పింది నేనే శివా. దిగుడులో ఇంజన్ నేనే ఆపితి. దానంతట అది ఆగలే."

చెప్పేసి, ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. దెబ్బ కోసం వంగిన మనిషిలా వీపు ముడుచుకున్నాడు.

శివజ్యోతి ముఖంలో కోపం రాలేదు. నొసలు మాత్రం ముడిపడింది. భర్తను చూసి, జీవితను చూసి, బల్ల మీది ఇంజెక్టరును చూసి, మళ్లీ భర్త వైపు తిరిగింది.

"తాళమా?" అంది. "ఏం తాళం?"

ఈరేష్ మెల్లగా చేతులు దించాడు.

"అమ్మ నాకు చెప్పింది తాళం సంగతి కాదు," అంది శివజ్యోతి.

(మిగతా వచ్చే వారం)